మీ ఎయిర్ పిస్టల్‌కు నప్పే పెల్లెట్‌ను తేల్చుకోవడం ఎలా?

విదేశాల్లో రివాల్వర్‌తో టార్గెట్ షూటింగ్ చేసేవాళ్లలో చాలామంది తూటాలు తామే నింపుకుంటారు. వాడేసిన తూటా ఖాళీ గొట్టంలో కొత్త ప్రైమర్ (మందును అంటించే చిన్న బిళ్ల) పెట్టి, తుపాకీ మందు తూచి పోసి, తాము ఎంచుకున్న బుల్లెట్ బిగించి, తమ తుపాకీకి ఏ కలయిక కుదురుతుందో నెలల తరబడి వెతుకుతారు. మనకు ఆ దారి లేదు. లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. దాని జోలికి వెళ్లవద్దు, నేర్పిస్తామనే వీడియోలను నమ్మవద్దు.

అయితే ఆ వెతుకులాట వెనకున్న సూత్రం విజయవాడలోనో గుంటూరులోనో పది మీటర్ల రేంజిలో నిలబడే ప్రతి షూటర్‌కీ పనికొస్తుంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్ పిస్టళ్లు రెండు పక్కపక్కన పెట్టినా, ఒకదానిలో ఒకే రంధ్రంలా పడే పెల్లెట్ (ఎయిర్ పిస్టల్‌లో వాడే చిన్న సీసం గుండు) రెండోదానిలో చెదిరిపోవచ్చు. బ్యారెల్ లోపలి కొలతల్లో కంటికి కనపడని తేడాలు ఉంటాయి. అందుకే పక్క షూటర్ వాడేది అడిగి కొనడం కంటే, మీ బ్యారెల్‌నే అడిగి తెలుసుకోవడం మేలు. ఎలా అడగాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మొదట: ఈ పరీక్ష మీకు ఇప్పుడే అవసరమా?

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో 10 రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ వ్యాసం 4.5. పెల్లెట్ అంచు గీతను తాకినా పదే ఇస్తారు కాబట్టి, టార్గెట్ మధ్య బిందువు నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో పడినా అది పదే. ఎయిర్ రైఫిల్‌లో 10 రింగు అంటే 0.5 మిల్లీమీటర్ల చుక్క. అక్కడ ఆ వెసులుబాటు 2.5 మిల్లీమీటర్లు మాత్రమే. రైఫిల్ షూటర్లు పెల్లెట్ గురించి అంత టెన్షన్ పడేది ఇందుకే. వాళ్లను చూసి పిస్టల్ పట్టిన పిల్లలు మొదటి నెల నుంచే ఖరీదైన పెల్లెట్ డబ్బాల వెంట పడుతున్నారు. అది అనవసరం.

ఎందుకు అనవసరమో లెక్కలో చూడండి. చేతి వల్ల వచ్చే చెదురు, పెల్లెట్ వల్ల వచ్చే చెదురు నేరుగా కూడవు. రెండిటి వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. కొత్త షూటర్ పది షాట్లు 60 మిల్లీమీటర్ల వెడల్పులో, అంటే దాదాపు నల్ల వృత్తమంతా పడుతున్నాయనుకోండి. 6 మిల్లీమీటర్ల గ్రూపు (షాట్లన్నీ పడిన వెడల్పు) ఇచ్చే మంచి పెల్లెట్‌తో అది 60.3 అవుతుంది. 12 మిల్లీమీటర్లు చెదిరే నాసి పెల్లెట్‌తో 61.2. తేడా మిల్లీమీటర్ కూడా లేదు. అదే చేయి కుదిరి 22 మిల్లీమీటర్లలో పెట్టగలిగే షూటర్‌కు మంచి పెల్లెట్‌తో 22.8, నాసిదానితో 25 దాటుతుంది. 60 షాట్ల మ్యాచ్‌లో కొన్ని పదులు తొమ్మిదులుగా మారేది ఈ రెండో షూటర్‌కే.

నా కొలత ఇది: చేత్తో కొట్టిన పది షాట్లూ మామూలుగా 8 రింగులోపల, అంటే 43.5 మిల్లీమీటర్ల వృత్తంలో పడేదాకా పెల్లెట్ పరీక్ష వాయిదా వేయండి. అప్పటిదాకా ఏదైనా ఒక మ్యాచ్ గ్రేడ్ (పోటీలకని తయారైన) పెల్లెట్, మార్చకుండా వాడితే చాలు. తల్లిదండ్రులకు మరీ మరీ చెబుతున్నాను. పిల్లల స్కోరు కదలకపోతే ముందు చూడాల్సింది గ్రిప్, నిలబడే తీరు, ట్రిగర్ నొక్కే తీరు. డబ్బా మార్చితే స్కోరు మారుతుందని ఎవరైనా అంటే, పైన రాసిన లెక్క చూపించండి.

పెల్లెట్‌ను చదవడం

పోటీల్లో వాడేది 4.5 మిల్లీమీటర్ల, అంటే .177 అంగుళాల కాలిబర్ సీసం పెల్లెట్. తల చదునుగా ఉన్నదాన్ని వాడ్‌కట్టర్ అంటారు. అది కాగితాన్ని గుండ్రంగా, శుభ్రంగా కోస్తుంది కాబట్టి స్కోరు విషయంలో వాదన రాదు. గుండ్రటి తల, మొన తల ఉన్నవి ఈ పనికి కావు. ముందు భాగం హెడ్, నడుము సన్నం, వెనక బోలుగా ఉండే భాగం స్కర్ట్. గాలి ఒత్తిడి స్కర్ట్ లోపల తగిలి పెల్లెట్‌ను ముందుకు తోస్తుంది. అందుకే స్కర్ట్ అంచు ఏ మాత్రం నొక్కుకుపోయినా అది పరీక్షకు పనికిరాదు.

బరువు రెండు రకాలుగా దొరుకుతుంది. పిస్టల్‌కని అమ్మేది సుమారు 7 గ్రెయిన్లు, అంటే 0.45 గ్రాములు. రైఫిల్‌కని అమ్మేది సుమారు 8.2 గ్రెయిన్లు, 0.53 గ్రాములు. ఇవి సలహాలే కానీ నిబంధనలు కావు. మీ పిస్టల్ బరువైనదాన్నే ఇష్టపడితే అదే వాడండి.

డబ్బా అడుగున లేదా పక్కన 4.49, 4.50, 4.51 లాంటి అంకె ఉంటుంది. అది హెడ్ కొలత. దాని దగ్గరే బ్యాచ్ నంబర్ ఉంటుంది. కొనేవాళ్లు పట్టించుకోనిది, నిజానికి అన్నిటికంటే ముఖ్యమైనది ఈ బ్యాచ్ నంబరే. పెల్లెట్లు అచ్చుల్లో నొక్కి తయారవుతాయి. అచ్చు అరిగినా, మార్చినా కొలత కాస్త జరుగుతుంది. ఒకే పేరు, ఒకే హెడ్ కొలత ఉన్న రెండు బ్యాచ్‌లు మీ బ్యారెల్‌లో వేర్వేరుగా ప్రవర్తించవచ్చు. కాబట్టి మీరు పరీక్షించేది బ్రాండును కాదు, బ్యాచ్‌ను. .22 రైఫిల్ షూటర్లకు ఇది బాగా తెలుసు. ఎలీ, లాపువా లాంటి తూటా కంపెనీలు షూటర్ల తుపాకులను బిగించి, ఏ లాట్ (బ్యాచ్) కుదురుతుందో చూసుకునేందుకు సొంత టెస్ట్ రేంజిలు నడుపుతున్నాయి.

శాంపిళ్లు పోగుచేయడం

ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, జేఎస్‌బీ మ్యాచ్, చైనా నుంచి వచ్చే క్యూవైఎస్ - పోటీల్లో ఎక్కువగా కనిపించేవి ఇవి. దేశీ పెల్లెట్లు దొరికితే వాటినీ వరుసలో చేర్చండి. ధర తక్కువని ముందే పక్కన పెట్టడం సరికాదు.

ఐదారు రకాలు చాలు. ఒక్కోదానికి 500 పెల్లెట్ల డబ్బా కొంటే డబ్బు వృథా. రేంజిలో మీతోపాటు కొట్టేవాళ్లతో మాట్లాడుకుని తలా 50 మార్చుకోండి. మన దగ్గర షూటర్లు తక్కువ, ఒకరికొకరు తెలిసినవాళ్లే. విజయవాడలో ఒక అన్న దగ్గర ఒక బ్యాచ్ ఉంటే గుంటూరులో ఇంకొకరి దగ్గర మరొకటి ఉంటుంది. నలుగురు కలిసి ఒకే రోజు పరీక్షిస్తే క్లాంప్ (పిస్టల్‌ను కదలకుండా బిగించే పట్టు) ఒకటే సరిపోతుంది, పెల్లెట్లూ కలిసొస్తాయి. ఒక్క షరతు: ప్రతి పొట్లం మీద పేరు, హెడ్ కొలత, బ్యాచ్ నంబర్ రాసి తీరాలి. గుర్తుంటుందిలే అనుకుంటే పరీక్ష మొత్తం గాలికి పోతుంది.

పొట్లంలో వేసే ముందు ఒక్కో పెల్లెట్‌నూ వెలుతురులో తిప్పి చూడండి. స్కర్ట్ సొట్టబోయినవి, సీసం పీచు అంటుకున్నవి తీసేయండి. గాజు పలక మీద మెల్లగా దొర్లించినా తెలుస్తుంది. మంచివన్నీ ఒకే వంపులో దొర్లుతాయి, తేడా ఉన్నది వేరే వంపు తీసుకుంటుంది. ఇక నగల తక్కెడలో ఒక్కొక్కటీ తూచి వేరు చేసే పని పిస్టల్ షూటర్‌కు అక్కర్లేదని నా అభిప్రాయం. ఆ సాయంత్రం డ్రై ఫైరింగ్ (పెల్లెట్ లేకుండా ట్రిగర్ నొక్కే సాధన) చేస్తే అంతకంటే ఎక్కువ పాయింట్లు వస్తాయి.

క్లాంప్ చేయించడం

చేత్తో పట్టి కొట్టి పెల్లెట్‌ను తేల్చడం కుదరదు. పిస్టల్ కదలకుండా ఉండాలి. దీనికోసం విదేశీ పరికరం తెప్పించనక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని, వెల్డింగ్ చేసేవాళ్లు కావలసినంతమంది. గుంటూరువాళ్లు కూడా అక్కడికే వచ్చి చేయించుకోవచ్చు. అడగాల్సింది ఇంతే: అల్యూమినియం దిమ్మెలు రెండు, ఒక్కోదానిలో వి ఆకారపు గాడి, రెండిటినీ కలిపి బిగించే బోల్టులు, కింద బల్లకు బిగించుకునేందుకు మందపాటి ఇనుప పలక. గాడి లోపల తోలు ముక్క అంటించాలి. కొలతల కోసం తుపాకీని అక్కడికి తీసుకెళ్లవద్దు. బ్యారెల్ వ్యాసం, పొడవు కాలిపర్‌తో కొలిచి కాగితం మీద బొమ్మ గీసి ఇవ్వండి.

బిగించేటప్పుడు మూడు జాగ్రత్తలు. గాలి సిలిండర్‌ను (బ్యారెల్ కింద ఉండే గాలి గొట్టాన్ని) ఎప్పుడూ, ఏ పరిస్థితిలోనూ క్లాంప్‌లో బిగించకూడదు. నిండుగా ఉన్నప్పుడు దానిలో 200 బార్ ఒత్తిడి ఉంటుంది. బ్యారెల్‌నో, కుదరకపోతే ఫ్రేమ్‌నో పట్టుకోవాలి. రెండోది, బోల్టులు అతిగా బిగిస్తే బ్యారెల్ మీద ఒత్తిడి పడి ఫలితమే మారిపోతుంది. వేలితో తోస్తే కదలనంత చాలు. మూడోది, సిలిండర్ మీద రాసిన గడువు చూడండి. తయారీదారులు సాధారణంగా పదేళ్లే ఇస్తారు. గడువు దాటిన సిలిండర్‌ను పోటీలోకి తేకుండా చూసుకోవాల్సింది షూటరేనని అంతర్జాతీయ నిబంధనలు కూడా చెబుతున్నాయి.

బల్ల బరువుగా ఉండాలి. సిమెంటు దిమ్మె అయితే ఇంకా మంచిది. ప్లాస్టిక్ టేబుల్ మీద చేసిన పరీక్షకు అర్థం లేదు.

ఇదంతా రేంజిలోనే, రేంజి అధికారి అనుమతితోనే చేయాలి. 4.5 మిల్లీమీటర్ల కాలిబర్‌లో శక్తి 20 జౌళ్లు మించని ఎయిర్ గన్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. మ్యాచ్ పిస్టల్ శక్తి సుమారు 5 జౌళ్లే. అయినా కంటిలో తగిలితే చూపు పోతుంది. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద, పెరట్లో గోడకేసి కొట్టి చూద్దామనుకోవద్దు. సీసం గుండు గట్టి గోడకు తగిలి వెనక్కి వస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి.

కాల్చే రోజు

విజయవాడ ఎండాకాలంలో మధ్యాహ్నం పరీక్ష పెట్టుకోవద్దు. తుపాకీ మాట అలా ఉంచితే, రేకుల షెడ్డులో ఆ వేడికి మనిషి ఓపికే పోతుంది, పొట్లాలు తారుమారవుతాయి. పొద్దున్నే మొదలుపెట్టండి.

బ్యారెల్‌ను ఆ ఉదయమే శుభ్రం చేయకండి. శుభ్రం చేసిన బ్యారెల్ మొదటి షాట్లు అటూ ఇటూ పోతాయి. అలాగే పెల్లెట్ రకం మారిన ప్రతిసారీ బ్యారెల్ గోడకు కొత్త సీసం, కొత్త నూనె పూత పడేదాకా కొన్ని షాట్లు వదిలేయాలి. పది వదలండి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

మొదటి విడతలో ఒక్కో రకానికి పది వదిలేసే షాట్లు, తర్వాత పది షాట్ల గ్రూపులు రెండు. మొత్తం 30 అవుతాయి, 50లో మిగిలినవి దగ్గర పెట్టుకోండి. ప్రతి గ్రూపుకూ కొత్త కార్డు. కార్డు వెనక గట్టి అట్ట పెడితే రంధ్రం శుభ్రంగా పడుతుంది. టార్గెట్ మధ్యలో పడుతోందా లేదా అన్నది అనవసరం. ఎక్కడ పడినా సరే, ఎంత దగ్గరగా పడుతున్నాయన్నదే చూడాలి. గురి సర్దుబాటు కోసం క్లాంప్‌ను తాకవద్దు.

పెల్లెట్ పెట్టేటప్పుడు వేలికి తెలిసేదాన్ని కూడా రాసుకోండి. బొటనవేలితో మెత్తగా నొక్కితే స్కర్ట్ అంచు బ్యారెల్ ముఖంతో సమానంగా కూర్చోవాలి. దానంతటదే జారిపడితే హెడ్ చిన్నది, గట్టిగా తోయాల్సి వస్తే పెద్దది అయ్యుండవచ్చు. సగం బయట ఉండగా లోడింగ్ లీవర్ మూస్తే స్కర్ట్ నలుగుతుంది, ఆ షాట్ ఎటో పోతుంది. అలాంటి షాట్‌ను కార్డు మీద వెంటనే గుర్తించి, తీసేయండి. తర్వాత గుర్తు తెచ్చుకుని తీసేయడం నిజాయితీ కాదు.

సిలిండర్‌లో గాలి ఎంత ఉందో చూపే గేజ్ చూస్తూ ఉండండి. ఒత్తిడి సగానికి రాకముందే నింపుకుంటే, గాలి తగ్గే షాట్లు చెదిరాయేమో అన్న అనుమానం ఉండదు.

మొదటి విడతలో రెండు మూడు రకాలు ఎలాగూ పక్కకు పోతాయి. మిగిలిన రెండిటికో మూడిటికో రెండో విడత. ఈసారి వరుస మార్చండి: మొదట క, ఖ, గ, తర్వాత గ, ఖ, క. ఇలా చేస్తే వేడి పెరగడం, మీ అలసట ఏ ఒక్క రకం మీదా పడవు. మధ్యలో రకం మారినప్పుడల్లా కనీసం ఐదు షాట్లు వదలండి. ఈ విడతలో ఒక్కో రకానికి పది షాట్ల గ్రూపులు నాలుగు కావాలి. శాంపిల్ చాలదు, ఈ దశలో అదే బ్యాచ్ నుంచి ఒక డబ్బా కొనుక్కోవాలి.

కొలిచేది ఎలా, నమ్మేది ఎంత

కాలిపర్‌తో గ్రూపులో దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి, 4.5 తీసేయండి. అదే గ్రూపు కొలత. కాగితం కాస్త ముడుచుకుని రంధ్రం 4.5 కంటే చిన్నగా కనిపించినా ఫర్వాలేదు, అన్నిటికీ ఒకే లెక్క కాబట్టి పోలిక చెడదు. ఎలక్ట్రానిక్ టార్గెట్ ఉంటే ప్రతి షాట్ స్థానం అంకెల్లో వస్తుంది, ఇంకా మంచిది.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఒక్క ఐదు షాట్ల గ్రూపు అందంగా వచ్చిందని దాన్ని ఫోటో తీసి, ఆ పెల్లెట్ కొనేస్తారు. కానీ ఒకే పెల్లెట్, ఒకే పిస్టల్, ఒకే క్లాంప్‌లో వరుసగా ఐదు షాట్ల గ్రూపులు కొట్టినా, వాటి కొలత సగటు నుంచి సుమారు నాలుగో వంతు అటూ ఇటూ ఊగడం మామూలే. 4 మిల్లీమీటర్లు వచ్చిన తర్వాత గ్రూపు 6 రావచ్చు. పెల్లెట్ ఏమీ మారలేదు. పది షాట్ల గ్రూపులో ఊగిసలాట కొంత తక్కువ, నాలుగు గ్రూపుల సగటులో ఇంకా తక్కువ. అందుకే పైన అన్ని షాట్లు అడిగాను. ఇంకో సంగతి, షాట్లు పెరిగేకొద్దీ గ్రూపు దానంతటదే పెద్దదవుతుంది. పది షాట్ల గ్రూపు సగటున ఐదు షాట్లదానికంటే దాదాపు నాలుగో వంతు పెద్దగా ఉంటుంది. పిస్టల్ పెట్టెలో కంపెనీ పెట్టే టెస్ట్ కార్డులో సాధారణంగా ఐదు షాట్లే ఉంటాయి. మీ పది షాట్ల కార్డును దానితో పోల్చుకుని బాధపడవద్దు.

నాలుగేసి గ్రూపుల సగటులో రెండు రకాల మధ్య తేడా పదో వంతు లోపు ఉంటే, ఆ రెండూ మీ బ్యారెల్‌కు సమానమే అనుకోండి. చవకైనది, మళ్లీ మళ్లీ దొరికేది తీసుకోండి. దొరకడం చిన్న విషయం కాదు. దిగుమతి సరుకు మీకు కావలసినప్పుడు ఉండకపోవచ్చు.

చేత్తో ఒకసారి

క్లాంప్ గెలిపించిన పెల్లెట్‌తో మీ సొంత చేత్తో, మామూలు శిక్షణలో రెండు మూడు రోజులు కొట్టండి. ఇక్కడ గ్రూపు కొలవడానికి కాదు. లోడింగ్ సాఫీగా ఉందా, కాగితం శుభ్రంగా కోస్తోందా, గురి ఎంత సర్దుబాటు చేయాల్సి వచ్చింది అన్నది చూడడానికి. లోడ్ చేయడానికి ప్రతిసారీ ఇబ్బంది పెట్టే పెల్లెట్ క్లాంప్‌లో ఎంత బాగున్నా వద్దు. ఎలక్ట్రానిక్ టార్గెట్ల మ్యాచ్‌లో 60 షాట్లకు 75 నిమిషాలు. ఆ సమయం వేలితో కుస్తీ పట్టడానికి కాదు.

కొనడం, దాచడం

తేలిన తర్వాత ఆలస్యం చేయవద్దు. అదే బ్యాచ్ నంబర్ ఉన్న డబ్బాలు మీ స్తోమతకు తగ్గట్టు ఒకేసారి కొనండి. సన్నాహక షాట్లతో కలిపి ఒక మ్యాచ్‌కు సుమారు 80 పెల్లెట్లు పోతాయనుకుంటే, 500 డబ్బా ఆరు మ్యాచ్‌లకు వస్తుంది. కాబట్టి రెండు మూడు డబ్బాలతో ఒక సీజన్ మ్యాచ్‌లు గడుస్తాయి. రోజుకు వంద చొప్పున వారానికి ఐదు రోజులు సాధన చేసేవాళ్లకు మాత్రం వారానికో డబ్బా అవుతుంది. ఆ సాధనకు చవక పెల్లెట్ చాలు, పోటీకి పది రోజుల ముందు మ్యాచ్ బ్యాచ్‌కు మారండి.

సీసం మెత్తనిది. గుంటూరు నుంచి బస్సులో వస్తుంటే డబ్బాలో పెల్లెట్లు ఒకదానికొకటి కొట్టుకుని స్కర్ట్‌లు సొట్టబోతాయి. మూత కింద పలచటి స్పాంజి ముక్క పెడితే కదలవు. కృష్ణ ఒడ్డున వానాకాలం చెమ్మ ఎక్కువ. చెమ్మ తగిలితే సీసం మీద తెల్లటి పొడి పడుతుంది, అలాంటివి మ్యాచ్‌కు వాడవద్దు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. మే నెలలో కారు డిక్కీలో వదిలేయవద్దు.

సీసం విషం కూడా. పెల్లెట్లను నోట్లో పెట్టుకోవడం, షూటింగ్ మధ్యలో చేతులు కడగకుండా సమోసా తినడం ఇప్పుడే మానేయండి. పిల్లలకు ఇది మొదటి రోజే అలవాటు చేయాలి. కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడిగి, ఆ తర్వాతే నీళ్ల సీసా ముట్టుకోవాలి. క్లాంప్ పరీక్ష రోజున ఎక్కువ పెల్లెట్లు పట్టుకుంటారు కాబట్టి ఇంకా జాగ్రత్త.

మళ్లీ ఎప్పుడు?

బ్యాచ్ అయిపోయి కొత్తది కొన్నప్పుడు. పిస్టల్ సర్వీసుకు వెళ్లి రెగ్యులేటర్ (గాలి ఒత్తిడిని ఒకేలా ఉంచే భాగం) గానీ, బ్యారెల్ దగ్గరి సీల్ గానీ మార్చినప్పుడు. పేరు అదే అయినా మొదటి నుంచీ పరీక్షించనక్కర్లేదు. పాత బ్యాచ్ నుంచి ఒక యాభై పెల్లెట్లు ఎప్పుడూ దాచి ఉంచుకోండి. కొత్త బ్యాచ్‌తో నాలుగు గ్రూపులు, దాచినవాటితో రెండు గ్రూపులు ఒకే ఉదయం కొట్టండి. పాతవి మునుపటిలాగే పడుతూ కొత్తవి చెదిరితే తప్పు బ్యాచ్‌ది. పాతవి కూడా చెదిరితే పిస్టల్‌ను సర్వీసుకు ఇవ్వాలి, పెల్లెట్ కొనడం ఆపాలి. పరీక్ష కార్డులను తేదీ, బ్యాచ్ నంబర్, గేజ్ ఒత్తిడి రాసి ఒక కవర్లో ఉంచితే, ఈ పోలిక పావుగంట పని.